లెక్కలోకి రాని దండీ

అనగనగా, ఏరు ఇంకా ఊరికి తూర్పున పారుతున్న కాలాన, ఆ ఒడ్డున ఒక గరిడీ ఉండేది. గరిడీ అంటే ఏం లేదు, ఎర్రమట్టి మెత్తగా తవ్విన చదును, చుట్టూ తడికలు, మూలన నాలుగు కర్రలు. పొద్దు పొడవగానే కుర్రాళ్లు అక్కడ చేరి దండీలూ బస్కీలూ తీసేవాళ్లు. నేలకు చేతులాన్చి ఒళ్లు దించి లేపితే దండీ. గుంజీలు తీసినట్టు కూర్చుని లేస్తే బస్కీ. ఇనుమూ వద్దు, రాయీ వద్దు, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి.

ఆ గరిడీకి గురువు కూర్మయ్య వస్తాదు. మంచివాడే, కాకపోతే మడమల పిచ్చి. రెండు మడమలూ ఆనుకుని, కాలివేళ్లు తిన్నగా ఉంటే దండీ లెక్కపెడతాడు. లేకపోతే లేదు. ఆయన పీట వేసుకునేది వరస వెనకాల, కాబట్టి కనిపించేవీ మడమలే. ముందువైపు ఎవరి ఛాతీ ఎంత కిందికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఈ సంగతి కుర్రాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు. మోచేతులు కాస్త మడిచి, తలలు గబగబా ఊపి, చెమట పట్టకుండా బోలెడన్ని దండీలు తీసేవాళ్లు.

ఆ ఊళ్లో గేదెలు కాసుకునే అసిరయ్య అని ఒకడున్నాడు. చిన్నప్పుడు గేదె తొక్కి వాడి ఎడమ పాదం పక్కకు తిరిగిపోయింది. పాపం, వాడికి ఉన్నది ఒకటే కోరిక. ఏడాదికోసారి ఏటొడ్డమ్మ జాతరలో అమ్మవారి పల్లకీని ఏరు దాటిస్తారు. పల్లకీ వెనక ఎడమ కొమ్ము వాళ్ల తాత మోశాడు, వాళ్ల అయ్య మోశాడు. అయ్య పోయాక ఆ చోటు బుచ్చన్న అనే కుర్రాడికి పోయింది. ఒక్కసారి తన భుజం మీద అమ్మవారు ఏరు దాటాలి, అది తన తల్లి కళ్లారా చూడాలి. అంతే. కానీ గరిడీలో దండీ లెక్కకెక్కితేగాని పల్లకీ ముట్టనివ్వరు.

మొదటి ఏడు అసిరయ్య గరిడీకి వెళ్లి దండీ తీశాడు.

"కాలు వంకర్రా అసిరీ. లెక్కలోకి రాదు" అన్నాడు కూర్మయ్య.

"సరే బాబూ" అని గేదెల దగ్గరికి పోయాడు.

రెండో ఏడు పాదాన్ని తాడుతో తిన్నగా బిగించుకుని వెళ్లాడు. సగంలో తాడు తెగింది.

"కాలు వంకర్రా అసిరీ. లెక్కలోకి రాదు."

"సరే బాబూ."

మూడో ఏడు తల్లి కూడా వెంట వచ్చింది. "గేది తొక్కీసింది బాబూ. ఆడు కావాలని తొక్కించుకున్నాడా ఏటి?" అని గట్టిగానే అడిగింది. కూర్మయ్యకు జాలి వేసింది. వేసినా మడమలు మడమలే.

"కాలు వంకరమ్మా. లెక్కలోకి రాదు."

అసిరయ్య మాత్రం మానలేదు. గేదెల సాల వెనక రోజూ తీసేవాడు. అక్కడ లెక్కపెట్టే మనిషి లేడు కదా, అందుకని ఒక నందివర్ధనం పువ్వు తెచ్చి ఛాతీ కింద నేల మీద పెట్టుకునేవాడు. దండీ తీస్తే పువ్వు ఛాతీకి తగలాలి. తగిలాక ఒక ఊపిరి అక్కడే ఆగాలి. పువ్వు నలగకుండా లేవాలి. తగలకపోయినా లెక్క లేదు, నలిగినా లెక్క లేదు. ఆ తెల్లపువ్వు కాస్త ఒత్తుకుంటే చాలు, కమిలి పట్టిచ్చేస్తుంది. బస్కీ తీసినా అంతే, అట్టడుగుదాకా కూర్చుని, ఆగి, నిమ్మళంగా లేచేవాడు. కుర్రాళ్లు చూసి, "ఈడు దండీ తీసీసరికి మన గేదులు ఈనేస్తాయి" అని నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు.

ఆ ఏడు జాతరలో పల్లకీ ఏట్లోకి దిగింది. సరిగ్గా నడి ఏట్లో బుచ్చన్న కాలు గోతిలో పడింది. మనిషి జారాడు, కొమ్ము జారింది, పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. మిగతా ముగ్గురి మోకాళ్లు వంగిపోయాయి. వంగినవి మళ్లీ లేవలేదు. ఎప్పుడైనా అంత కిందికి పోయి ఉంటే కదా లేవడానికి! గట్టిగా కుదిపితే అమ్మవారు నీళ్లపాలు.

దిగువన గేదెలను కడుగుతున్న అసిరయ్య గబగబా వచ్చి కొమ్ము కింద భుజం పెట్టాడు. గడ్డం దాకా నీళ్లొచ్చేలా కూర్చున్నాడు. ఒక ఊపిరి ఆగాడు. కుదుపు లేకుండా, నిమ్మళంగా లేచాడు. వాడితోపాటు పల్లకీ లేచింది. అమ్మవారి తలమీద పువ్వు కూడా కదల్లేదు. అలాగే మోసుకుంటూ ఒడ్డెక్కించాడు. తల్లి కళ్లు తుడుచుకుంటూనే, "ఆడే, నా కొడుకే" అని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెప్పింది.

మర్నాడు కూర్మయ్యే వాణ్ని గరిడీకి పిలిచాడు. అసిరయ్య దండీ తీశాడు. "కాలు వం..." అని అలవాటుగా నోరు తెరిచి, మింగేసి, "ఒకటి" అన్నాడు వస్తాదు. అసిరయ్య అక్కడే మట్టిలో బోర్లా పడి ఏడ్చాడు. సంతోషానికే లెండి.

ఇక చూడండి మన ఊరి తెలివి. బలమంతా ఆ వంకరలోనే ఉందనుకున్నారు. వారం తిరక్కుండా గరిడీలో ఒక్క పాదం తిన్నగా లేదు. అందరూ ఎడమ కాలు పక్కకు తిప్పి దండీలు తీసేవాళ్లే. మరో వారానికి అందరూ మోకాళ్లకు ఆముదం రాసుకుని అరుగుల మీద కూర్చున్నారు.

అసిరయ్య పడీ పడీ నవ్వాడు. "ఓర్నాయనా, ఈ వంకర మా గేది ఇచ్చింది. మీకెందుకురా? మడమల మాట వస్తాదు బాబు సెప్పిందే నిజం. నాకు కుదరక నాను మానీసినాను, కుదిరినోళ్లు మానకండి. నా దగ్గర ఉన్నదల్లా ఈ పువ్వే" అని పువ్వు సంగతి చెప్పాడు.

కూర్మయ్య లేచి, పీట తీసుకెళ్లి వరసకు పక్కగా వేసుకున్నాడు. అక్కణ్నుంచి మడమలూ కనిపిస్తాయి, ఛాతీలూ కనిపిస్తాయి. ఆ పూట ఎవరికీ బోలెడన్ని దండీలు రాలేదు. బుచ్చన్నకైతే రెండోదానికే కళ్లు తిరిగాయి.

అసిరయ్య ముసలివాడయ్యేదాకా వెనక ఎడమ కొమ్ము మోశాడు. నిండుగా బతికి, ఒక జాతర మర్నాడు నిద్రలోనే పోయాడు.

ఏరు ఇప్పుడు పడమటికి జరిగింది. గరిడీ మాత్రం అక్కడే ఉంది, గురువు పీట ఇప్పటికీ వరసకు పక్కగానే ఉంటుంది. ఆ వైపు ఎవరైనా పని హడావిడిగా ముగించి వస్తే, "పువ్వు తగిలిందా?" అని అడుగుతారు. పొద్దున్నే కుర్రాళ్లు మట్టి మీద తలా ఒక నందివర్ధనం పెట్టుకుని, ఎడమ పాదం పక్కకు తిప్పి, నిమ్మళంగా ఒక్క దండీ తీస్తారు. తర్వాత మడమలు ఆనించుకుని మళ్లీ మొదలుపెడతారు. గురువు అప్పుడు "ఒకటి" అంటాడు.

కొత్తగా చేరినవాడు ఎవడో ఒకడు అడగనే అడుగుతాడు, "మరి ముందు తీసిందో?" అని.

"అది లెక్కలోకి రాదు. అసిరయ్యది" అంటారు.