మంచు సరస్సులో రెండో మునక

"ఇది పాడైపోయింది మాస్టారూ. దీంతో నేను మళ్లీ దిగను," అంది నూకరత్నం, మౌత్‌పీస్‌ను గట్టు మీద పడేస్తూ.

ఆమెది భీమిలి దగ్గర పల్లె. నీట మునిగినవాళ్లను వెతికే సహాయక దళంలో డైవర్‌. వైజాగ్ సముద్రంలో ఆమెకు సాటి లేదు. చన్నీళ్లలో పని నేర్చుకోమని దళంవాళ్లు హిమాలయాల్లోని ఈ సరస్సుకు పంపారు. నేర్పేది సూరాడ ఎర్రన్న, నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన మనిషి.

ఆ ఉదయం మూడు నిలువుల లోతులో ఉండగా ఆమె నోట్లోని మౌత్‌పీస్‌ నుంచి గాలి ఆగకుండా తన్నుకొచ్చింది. కళ్ల ముందు అన్నీ బుడగలే. ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోబోయింది. అలాగే వెళ్లి ఉంటే ఊపిరితిత్తులు చిట్లిపోయేవి. ఎర్రన్న ఆమె కాలు పట్టుకుని ఆపాడు. తన దగ్గరున్న రెండో మౌత్‌పీస్‌ ఆమె నోటికందించి మెల్లగా పైకి తీసుకొచ్చాడు.

"పొద్దున గట్టు మీద ఈ మీట ఎన్నిసార్లు నొక్కి చూశావు?" అనడిగాడిప్పుడు ఎర్రన్న, మౌత్‌పీస్ ముందున్న గాలి వదిలే మీటను చూపిస్తూ.

"గాలి వస్తోందో లేదోనని పదిసార్లు నొక్కాను."

"ఈ చలిలో అన్నిసార్లు నొక్కితే లోపల మంచు కట్టి, గాలి దారి మూసుకోదు. సరే, సిలిండర్‌తో సహా నా సెట్టు నువ్వు తగిలించుకో. నీది నాకియ్యి."

"వద్దు మాస్టారూ!"

"నా పక్కనే ఉండు. నీ భుజం తట్టగానే ఈ కొళాయి కట్టెయ్," అని తను వీపుకు తగిలించుకున్న సిలిండర్ పైనున్న రెండు కొళాయిల్లో, ఆ మౌత్‌పీస్‌కు గాలి పంపే కుడివైపుది చూపించాడు.

మళ్లీ అదే లోతుకు దిగారు. ఎర్రన్న తన నోట్లోంచి మౌత్‌పీస్ తీసి, కావాలనే మీట నొక్కి పట్టుకున్నాడు. లోపల మంచు కట్టింది. మీట వదిలేసినా గాలి ఆగలేదు.

దాన్ని పెదాల అంచున పెట్టుకుని, తల కాస్త పక్కకు తిప్పి బుడగల్ని పోనిచ్చాడు. కావలసినంత గాలి పీల్చుకున్నాడు. మెడకు వేలాడుతున్న రెండో మౌత్‌పీస్‌ను తడిమి అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె భుజం తట్టాడు.

మందపాటి గ్లవుజుల్లో రత్నం వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. మొదట కొళాయిని అటు తిప్పబోయింది, కదల్లేదు. ఇటు తిప్పింది. బుడగల హోరు ఆగిపోయింది.

ఇద్దరూ మెల్లగా పైకి వచ్చారు.

గట్టు మీద ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు.

"రెండోది నాకూ మెళ్లోనే ఉంది మాస్టారూ," అంది నెమ్మదిగా.

"ఉంది."

ఆమె గ్లాసు కింద పెట్టి అడిగింది. "మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యదూ? వేసింది."

"ఎప్పుడు?"

ఎర్రన్న టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"ఊపిరి తీసుకున్నాక."