బుడగలమ్మ గుడిలో దీపం పెట్టరు

చినఏటిలంక బుడగలమ్మ తల్లి మాహాత్మ్యం చాలా చిన్న కథ. కాలవలో కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా చదివేయవచ్చు. అయితే కాలవలోకి దిగడానికి మెట్లు లేవు. ముగ్గురు ప్రెసిడెంట్లు వరుసగా శంకుస్థాపన చేశారు. ఆ మూడు రాళ్ళూ పదిలంగా ఉన్నాయి, భక్తులు చెప్పులు వాటి పక్కన విడవవచ్చు. పొరుగున ఉన్న గంటిలంక పులిహోరకు ప్రసిద్ధి. ఆ మాట గంటిలంకవారే చెబుతుంటారు.

ఇక కథ. ఈ గుడిలో దీపం ఉండదు, అగరువత్తి వెలగదు. పళ్ళెంలోని కర్పూరాన్ని వెలిగించకుండానే కళ్ళకద్దుకుంటారు. దానికి కారణం ఉంది.

పూర్వం ఇక్కడ చేల మధ్య ఎప్పుడూ బుడగలు తేలే మడుగు ఒకటి ఉండేది. ఊళ్ళో బాతులు మేపుకునే భద్రమ్మ ఉండేది. ఆమె అత్తగారు ఆ మడుగు ఒడ్డున ఒక రాయికి పసుపు రాసి దీపం పెట్టింది. తుఫానుకు కూడా ఆరని ఆ దీపాన్ని కోడలికి అప్పగించి, "ఇది ఆరితే ఊరుండదే" అని కన్నుమూసింది. అప్పటినుంచి భద్రమ్మ ఏ పెళ్ళికీ పొరుగూరు వెళ్ళలేదు. నూనె పోసేవారెవరు?

కొన్నాళ్ళకు చమురు కంపెనీవారు వచ్చి, ఈ నేల కింద గ్యాస్ ఉందన్నారు. ఆ వారం అమ్మవారు ఊళ్ళో చాలామందికి కలలో కనిపించి, ఎవరి పొలం వారికే చూపించి, అక్కడ తవ్వించమంది. భద్రమ్మకు మాత్రం కల రాలేదు. కంపెనీవారు ఎవరి కలా అడగకుండా మడుగు పక్కనే ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతారు. దీపం ఆర్పాలనీ, లేదంటే బావి తవ్వే రిగ్గు గంటిలంకకు పోతుందనీ చెప్పారు.

గంటిలంక పేరు వినగానే ఊరంతా భద్రమ్మ వాకిట్లో చేరింది.

"ఒక్కసారి ఊదెయ్యి పిన్నీ. అమ్మ ఏమీ అనుకోదు," అన్నాడు ప్రెసిడెంటు ఏడుకొండలు.

"నీ కల్లోకొచ్చి చెప్పిందేంట్రా? మొన్న నీ కొబ్బరితోట చూపించిన అమ్మేనా?"

చివరకు భద్రమ్మ దీపాన్ని కొంగు చాటున పట్టుకుని, కాలవ దాటి, తన ఇంటి గూట్లో పెట్టింది. దీపం ఆరలేదు, రిగ్గు వచ్చింది. అది గంటిలంకవారికి కూడా కనిపించేంత ఎత్తు. వారు చూడనట్టే తిరిగేవారు. ఊరికి అంతకు మించిన గౌరవం అంతకుముందు దక్కలేదు.

ఒక మధ్యాహ్నం రిగ్గు తవ్వుతున్న గ్యాస్ బావి అదుపు తప్పింది. గ్యాస్ పెద్ద అరుపుతో పైకి తన్నింది, బురద కొబ్బరి మొవ్వులను దాటి లేచింది. గాలి కాలవ మీదుగా ఊరి వైపు తిరిగింది. పొయ్యిలు ఆర్పి ఊరు విడవమని కంపెనీవారు మైకులో చెప్పారు. అందరూ ఆర్పారు. ఊళ్ళో మిగిలిన నిప్పు భద్రమ్మ గూట్లోదే.

ఏడుకొండలు గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి ఊదమనలేదు.

భద్రమ్మ దీపానికి దణ్ణం పెట్టింది. "అత్తా, ఇది ఆరితే ఊరుండదన్నావు. ఆర్పకపోతే ఇప్పుడే పోయేలా ఉంది. తప్పయితే అమ్మను నన్నే అడగమను, ఊరిని కాదు," అంటూ వత్తిని వేళ్ళతో నలిపేసింది.

ఊరంతా తల్లి ఆగ్రహం కోసం ఎదురుచూసింది. గంటిలంకవారు ఇంకాస్త శ్రద్ధగా చూశారు. కొద్దిరోజులకు బావి తనంతట తానే ఇసుకతో పూడుకుపోయింది. ఒక్క తాటాకు కూడా అంటుకోలేదు. భద్రమ్మ మళ్ళీ వత్తి చేసుకుని రాయి దగ్గరకు వెళితే, ఊరే అడ్డుపడింది.

నేటికీ ఇక్కడ బుడగలు వస్తున్నాయి, ఎవరూ పుల్ల గీయరు. తల్లికి చూపించిన కర్పూరాన్ని ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర ఉంచుకుంటే అగ్నిభయం ఉండదు. ఎక్కడ కొత్త బావి తవ్వినా రిగ్గువారు ముందు ఇక్కడికే వస్తారు. భద్రమ్మ మనవరాలు వారి చేతిలో కర్పూరం పెట్టి, అగ్గిపెట్టెలు తీసుకుంటుంది.

కంపెనీ ఇక్కడి బావికి సిమెంటు పోసి మూసేసింది. గ్యాస్ గంటిలంకలో పడింది.