తగ్గిందన్న మాట

గానుగపాక వెనక పొదల్లో కోరయ్య అనే అడవిపంది పెళ్లాంతోనూ ఆరుగురు పిల్లలతోనూ కాపురం ఉండేవాడు. పాకవాళ్లు పారేసే నూనె మడ్డి, తెలగపిండి అతని తిండి. అతని కోరలకు జడిసి చిరుతపులి కూడా ఆ దారి మానేసింది. ఒక్క నక్క మాత్రం రోజూ వచ్చి, "బావా, బాగున్నావా?" అని అతని వీపు కేసి చూసి పోయేది. వీపు మీద మాంసం అంత ఉంది మరి.

ఒకనాడు గట్టెక్కుతూ కోరయ్య ఆయాసంతో కూలబడ్డాడు. పెళ్లాం అతన్ని వాగొడ్డున ఉండే కొంగ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. కొంగ ముక్కుతో చెవి దగ్గర పొడిచి, నెత్తురు చుక్క తీసి చూసింది.

"నీకు కొవ్వు ఎక్కువైంది."

"మాట తిన్నగా రానీ డాక్టరమ్మా. నేనెవరి జోలికీ పోలేదు."

"పొగరు సంగతి కాదయ్యా, నెత్తుట్లో కొవ్వు. గానుగ తూములో మడ్డి పేరుకున్నట్టు నీ గుండెకు పోయే దారుల్లో పేరుకుంటోంది. ఆ తిండి మానెయ్. ఈ చేదు మాత్ర రోజూ ఒకటి మింగు."

మూడు నెలలు మొహం చిట్లించుకుంటూనే మింగాడు. మళ్లీ చూపించుకోడానికి వెళ్లిన రోజున వాగొడ్డున కుందేళ్లు, దుప్పులు బారులు తీరి ఉన్నాయి. కొంగ చుక్క చూసి, "తగ్గింది," అని తరవాతి రోగిని పిలిచింది. ఇంకొక్క మాట చెప్పాల్సింది, చెప్పలేదు.

దారిలో నక్క కాచుకుని ఉంది.

"ఏమంది బావా?"

"తగ్గిందంది."

"మరి ఆ మాత్రల పొట్లం ఇంకా ఎందుకు మోస్తున్నావు? జ్వరం తగ్గాక ఎవరన్నా కషాయం తాగుతారా?"

"అదీ నిజమే."

"తగ్గినందుకు మొక్కు తీర్చుకోవాలి గానీ. గానుగలో ఇవాళే కొత్త పిండి తీశారు."

"డాక్టరమ్మని ఒక్క మాట అడుగుదామయ్యా," అంది వెంట ఉన్న పెళ్లాం.

"తగ్గిందని ఆవిడే చెబితే మళ్లీ అడగడమేమిటే? నిజంగానే కొవ్వెక్కిందనుకుంటుంది."

మాత్రలు వాగులో కలిశాయి. మొక్కు ఒక పూటతో ఆగలేదు. ఎక్కడా నొప్పి లేదు, ఆకలి బాగుంది, ఇంకేం కావాలి? అలా ఏడాది గడిచింది. ఒక పొద్దున దుంప తవ్వుతూ తవ్వుతూ కోరయ్య ఆగిపోయాడు.

"గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది."

"గ్యాసు బావా. శొంఠి నమిలి పడుకో," అంది నక్క.

పెళ్లాం కొంగ కోసం పరిగెత్తింది. ఇద్దరూ వచ్చేసరికి శొంఠి ముక్క నోట్లోనే ఉంది, కోరయ్య లేడు.

"తగ్గిందన్నారు కదమ్మా," అంది ఆమె.

కొంగ అతని నోట్లోంచి శొంఠి ముక్క తీసి పక్కన పెట్టింది. "మాత్ర వేసుకుంటున్నాడు గనక తగ్గింది తల్లీ. ఆ ముక్క నేను చెప్పలేదు, అతను అడగలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను. నడి ఏట్లో తగలేసుకోవడం ఇదే చూడటం."

అందరికన్నా గట్టిగా నక్క ఏడ్చింది. ఏడుస్తూనే, "పిల్లల్ని తీసుకుని లోపలికి పో అక్కా," అంది. "బావ దగ్గర నేనుంటాలే."

నీతి: తగ్గిందంటే పోయిందని కాదు, అలా అనుకున్నవాడే పోతాడు.