గైరమ్మ మడి

సముద్రం ఇప్పటికంటే ఒక కోసు అవతల ఉన్న రోజుల మాట. అనగనగా ఒక ఉప్పుటేరు. దాని ఒడ్డున రెండు పేటలు, ఎగువపేట, దిగువపేట. రెండు పేటలవాళ్ళకీ ఉప్పు పండించడమే పని. కాలవ మాత్రం ఒక్కటే.

పోటు వచ్చినప్పుడు ఆ కాలవలోకి ఎక్కిన నీళ్ళని ఉప్పుమళ్ళలోకి తిప్పుకోవాలి. ముందు నీళ్ళు పట్టినవాళ్ళకి ముందు ఉప్పు. వెనక పట్టినవాళ్ళ ఉప్పు గంపలకెత్తేలోపే వాన వచ్చి కరిగించుకుపోతుంది. ముందెవరు, వెనకెవరు అని పెద్దవాళ్ళు కర్రలతో తేల్చుకుంటుంటే ఏటా తలలు పగిలేవి. చివరికి ఎవరికో బుద్ధి పుట్టి, ఆ తేల్చే పని పిల్లలకి అప్పజెప్పారు.

అదే జారుబిళ్ళ ఆట. తొక్కి నున్నగా చేసిన మడిలో పలచగా నీళ్ళు చల్లుతారు. ఆ బంకమట్టి మీద కాలు నిలవదు. పేటకి ఏడుగురు పిల్లలు, చేతుల్లో కొన వంగిన కర్రలు. చింతచెక్క బిళ్ళని కర్రతో తోసుకుంటూ వెళ్ళి, అవతలి గట్టు దగ్గర పడుకోబెట్టిన ఉప్పుగంపలోకి పంపాలి. ముందుగా మూడుసార్లు పంపినవాళ్ళకి ఆ సంవత్సరం తొలినీళ్ళు.

దిగువపేట మూడేళ్ళు వరసగా ఓడింది.

ఆ దిగువపేటలో, కాలవకి అన్నిటికన్నా చివర ఉన్న మడి గైరమ్మది. పది అడుగులిటు, పది అడుగులటు, అంతే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పేటలోవాళ్ళ మళ్ళన్నీ కాళ్ళతో తొక్కి గట్టిచేసి పెట్టడం ఆవిడ బతుకుతెరువు. మూడేళ్ళుగా తన మడిలో ఉప్పు తన కళ్ళముందే వానకి కరిగిపోయింది. ఈ ఒక్క యేడన్నా తన గంప నిండితే చాలని ఆవిడ ఆశ.

పిల్లలకి ఆట నేర్పేది పేట పెద్ద జోగినాయుడు. నేర్పడమంటే ఏమిటనుకున్నారు? పెద్ద మడి గట్టున పిల్లల్ని వరసగా నిలబెట్టేవాడు. ఒకడు బిళ్ళ కొడితే ఆరుగురు చూసేవాళ్ళు. వాడు వెనక్కి వచ్చాక ఇంకొకడు వెళ్ళేవాడు. నాయుడు మీసం దువ్వుకుంటూ అందరినీ తిట్టేవాడు.

ఆ సంవత్సరం గైరమ్మ పక్క మడి తొక్కుతూ అదంతా చూసింది. చూసి చూసి ఉండబట్టలేక గట్టెక్కింది.

"తమ్ముడా, పొద్దుట్నుంచి సూస్తన్నాను. తవిటమ్మ బిళ్ళని ముట్టుకున్నది మూడుసార్లు. ఈగల్ని తోలుకున్నది ముప్పైసార్లు. ఆటలోకి ఈగలొస్తే మనదే గెలుపు."

తవిటమ్మ అంటే ఆ ఏడుగురిలోకీ చిన్నది, బొద్దుగా ఉండే పిల్ల. కాలు పెడితే జారేది, జారితే ఏడ్చేది.

వరసకి అక్కే అయినా నాయుడికి ఒళ్ళు మండింది. "మడి తొక్కుకునే మనిషివి, ఆట సంగతి నీకేటి తెలుసప్పా?"

"ఆట తెలీదు. జారేసోట పడకుండా ఉండడం తెలుసు. నువ్వు మూడడుగులెయ్యి, సూద్దాం."

నాయుడు మడిలోకి దిగాడు. మొదటి అడుగుకి పంచె తడిసింది. రెండో అడుగుకి మీసం తడిసింది. మూడో అడుగు వెయ్యనే లేదు.

"తీసుకుపో అప్పా, గుంటల్ని," అన్నాడు బురదలోంచే, పిల్లల వైపు చెయ్యి చూపిస్తూ.

గైరమ్మ పిల్లల్ని పెద్ద మడికి తీసుకెళ్ళలేదు. తన చిన్న మడికి తీసుకెళ్ళింది. మొదట కర్ర లేదు, బిళ్ళ లేదు. మోకాళ్ళు కాస్త వంచి, మడమ అదిమి, మడంతా మూడు చుట్లు తొక్కించింది. ఎవరైనా ఆగితే చాలు, గట్టుమీంచి కేకేసేది.

"నిలబడకండి గుంటలూ, మడి మెత్తబడిపోద్ది!"

తర్వాత కర్రలిచ్చింది. ముగ్గురటు, ముగ్గురిటు. ఏడోవాళ్ళు గట్టు మీద ఆవిడతో కలిసి పాట పాడాలి. ఒక చరణం అయ్యేసరికి ఒకళ్ళు దిగాలి, ఒకళ్ళు ఎక్కాలి. పది అడుగుల మడిలో దాక్కునే చోటెక్కడుంది? ప్రతి ఊపిరికీ బిళ్ళ ఎవరో ఒకరి కాళ్ళ దగ్గరికి వచ్చేది. సిమ్మన్నకీ వచ్చేది, తవిటమ్మకీ వచ్చేది. సిమ్మన్న ఆ పేటకంతటికీ చురుకైన కుర్రాడు. మొదట్లో బిళ్ళని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ ఇరుకులో ఇవ్వక తప్పలేదు. దమ్ము పోయేలోపే గైరమ్మ ఆట ఆపించి, తలో ముంత అంబలి పోసేది.

మూడోది అన్నిటికన్నా తమాషా. పిల్లలు తలొంచుకుని బిళ్ళనే చూస్తున్నారని ఆవిడ కనిపెట్టింది. వాళ్ళు బిళ్ళ తోసుకొస్తుంటే ఎదురుగా నిలబడి చెయ్యెత్తేది.

"నా సేతిలో ఏటుంది?"

"గుల్ల!"

"నా సేతిలో ఏటుంది?"

"పీత!"

"నా సేతిలో ఏటుంది?"

"ఏటీ నేదు!" అని తవిటమ్మ అరిచిన రోజున గైరమ్మ ఆ పిల్లని ఎత్తుకుని ముద్దెట్టుకుంది. అప్పటికి తవిటమ్మ పడడం మానేసి మూడు రోజులైంది. ఆ సంగతి తవిటమ్మకే తెలియదు.

ఇంతలో సిమ్మన్న తల్లి చెంగు బిగించి వచ్చింది. "మా గుంటడి సేత నీ మడి ఊరికే తొక్కించుకుంటన్నావేటి?"

"అవునమ్మా, తొక్కించుకుంటన్నాను," అంది గైరమ్మ దాచకుండా. "మడీ గట్టిపడతంది, గుంటలూ గట్టిపడతన్నారు. ఇందులో నీకు నట్టమేటి, నాకు సిగ్గేటి?" సిమ్మన్న తల్లి బిగించిన చెంగు వదిలింది. అంబలి తాగి వెళ్ళింది.

ఆట రోజు వచ్చింది. ఎగువపేట ఒకటి వేసింది, దిగువపేట ఒకటి వేసింది. ఎగువపేట రెండోది వేసింది, దిగువపేటా రెండోది వేసింది. మూడోదాని దగ్గర బిళ్ళ సిమ్మన్నకి దొరికింది. నలుగురు చుట్టుముట్టారు. పాత సిమ్మన్న అయితే కళ్ళు మూసుకుని కొట్టేవాడే. ఇప్పుడు తలెత్తాడు. అవతల గంప పక్కన తవిటమ్మ ఒక్కతే ఉంది. ఆ పిల్లకి ఎవరూ కాపలా పెట్టలేదు, ఎవరు పెడతారు! బిళ్ళ ఆమె దగ్గరికి తోశాడు. తవిటమ్మ మోకాళ్ళు వంచింది, మడమ అదిమింది, తలెత్తి గంపని చూసింది. ఇల్లూడ్చినంత నెమ్మదిగా బిళ్ళని లోపలికి తోసింది.

దిగువపేట గెలిచింది. నాయుడు గట్టుమీంచి గెంతి మళ్ళీ మీసం తడుపుకున్నాడు.

తొలినీళ్ళు కాలవలోకి వచ్చాయి. "ముందు గైరమ్మప్ప మడికి," అన్నాడు నాయుడు. పార పట్టుకుని తానే గట్టు తెగ్గొట్టబోయాడు. మూడేళ్ళు ఎదురుచూసిన నీళ్ళు గైరమ్మ కాళ్ళ దగ్గరే ఉన్నాయి. అద్దంలా మెరుస్తున్న తన మడిని చూసుకుంది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"వద్దు తమ్ముడా. ఉప్పు పెడితే గుంటలెక్కడాడతారు?"

ఆ మడిలో ఆ యేడు ఉప్పు పండలేదు. కానీ పేటలో ప్రతి మడిలోంచీ ఒక్కో గంప ఆవిడ గుమ్మం ముందుకి వచ్చింది. ఒక్క గంప నిండాలనుకున్న మనిషికి గంపలు పెట్టుకోవడానికి చోటు చాలలేదు.

మరుసటి యేడు ఎగువపేట పిల్లలు కూడా సిగ్గుపడుతూ వచ్చి గట్టు మీద నిలబడ్డారు. నాయుడు కర్రెత్తాడు. "ఆళ్ళకి ఆట రాపోతే మనోళ్ళు ఎవులితో ఆడతారు?" అంది గైరమ్మ. వాళ్ళ వైపు తిరిగి, "నిలబడకండి గుంటలూ, మడి మెత్తబడిపోద్ది!" అంది.

చాలా ఏళ్ళు బతికింది. ఒక యేడు మళ్ళు తొక్కే రోజులు రాకముందే నిద్రలో పోయింది. రెండు పేటల పిల్లలూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆ మడిని మూడు చుట్లు తొక్కారు.

ఇప్పటికీ అక్కడ చివరి మడిలో ఉప్పు పెట్టరు. కూరలో ఉప్పు చాలకపోతే, "ఇది గైరమ్మ మడి ఉప్పేటి?" అని నవ్వుతారు. మళ్ళు తొక్కే కాలం వస్తే ముందు పిల్లలే దిగాలి, అందులోనూ ఎప్పుడూ పడిపోయే పిల్ల మొదట దిగాలి. గట్టు మీద ఒక ముసలామె గుల్ల పట్టుకుని చెయ్యెత్తుతుంది. గైరమ్మ తర్వాత అక్కడ నిలబడింది తవిటమ్మే. తవిటమ్మ తర్వాత ఆవిడ దగ్గర పడుతూ లేస్తూ నేర్చుకున్న ఇంకొకావిడ. ఆ తర్వాతవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. గట్టు మీద ఎవరున్నా పిల్లలు పిలిచేది గైరమ్మ అనే.

కథ గట్టు దిగింది. మీరూ కాళ్ళు కడుక్కోండి.