పాడే స్తంభం

అనగనగా ఒక రాజుండేవాడర్రా. రాజు లేకుండా మొదలెడితే మీరు కథ వినరుగా, అందుకని ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆ ఊళ్ళోనే రాళ్ళు చెక్కే పెద్దోబయ్య, ఆయన కూతురు చెన్నక్క ఉండేవాళ్ళు. నేను చెప్పేది చెన్నక్క కథ. రాజుల కథ కావాలంటే కోటలో పొగిడేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళనడగండి.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు నూరు స్తంభాల మండపం కట్టుకోవాలని పెద్దోబయ్యని ఎత్తుకుపోయాడు. పనయ్యాక మెచ్చుకుని పంపించాడనుకుంటున్నారా? వాడి మొహం! ఆయన్నే స్తంభం చేసి, నట్టనడుమ పెద్ద దూలం కింద నిలబెట్టాడు. తర్వాత పక్కదేశం రాజకూతుర్ని తెచ్చి చెరలో పెట్టాడు. ఆమెను విడిపించాలని పెద్ద రాజకుమారుడు వెళ్ళాడు, స్తంభమయ్యాడు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ స్తంభమయ్యాడు.

మూడోవాడు ధవళసేనుడు తెలివైనవాడు. నేరుగా చెన్నక్క గుమ్మంలోకొచ్చాడు.

"చెన్నక్కా, స్తంభాల సంగతి నాకేం తెలుసు? నువ్వు తోడు రా. మీ నాన్నని నీకు అప్పగిస్తాను, ఒట్టు," అన్నాడు.

"నాన్న వస్తే చాలు దొరా, నాకింకేం వద్దు," అంది ఆ పిచ్చిపిల్ల. సుత్తి కొంగున చుట్టుకుని బయల్దేరింది.

రెండు తెరచాపకొయ్యలున్న పడవలో ఆరు సముద్రాలు దాటారు. ఏడో సముద్రంలో ఒక తాబేలు వలలో చిక్కుకుని గిలగిల్లాడుతుంటే చెన్నక్క వల కోసింది.

"అమ్మా, నీ మేలు మరిచిపోను," అంది తాబేలు. "కరాళుడి ప్రాణం రాతిచిలకలో ఉంది. మండపంలో నూరు చిలకలున్నాయి, అసలుది ఒక్కటే. తప్పు చిలకని కొట్టారో, మీరూ రాయైపోతారు."

మండపం వాకిట్లో కరాళుడు కూర్చుని ఉన్నాడు. "మూడు ప్రశ్నలు. సరిగ్గా చెబితే పొద్దుగూకేదాకా మండపం మీది. తప్పితే మీరు నావాళ్ళు. స్తంభం దేనిమీద నిలబడుతుంది?"

చెన్నక్క వెనకనుంచి గుసగుసలాడింది. "పీఠం మీద," అన్నాడు ధవళసేనుడు.

"దూలాన్ని దేంతో పట్టుకుంటుంది?"

"బోదెతో. స్తంభం నెత్తిన, చేతులు చాచినట్టుంటుందే, అది."

"స్తంభానికి ప్రాణం ఎందులో ఉంటుంది?"

ఇక్కడే అన్నలిద్దరూ బోల్తాపడ్డారు. పెద్దవాడు చెక్కిన బొమ్మల్లో అన్నాడట, రెండోవాడు ఎత్తులో అన్నాడట. చెన్నక్క చెప్పిన మాటే ధవళసేనుడు గొంతు పెంచి చెప్పాడు. "మోసే బరువులో!"

కరాళుడు పళ్ళు పటపట కొరికి పక్కకు తప్పుకున్నాడు.

లోపల నూరు స్తంభాలు, నూరు బోదెల కింద నూరు చిలకలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. రాళ్ళు చెక్కేవాళ్ళకి ఒక అలవాటుందర్రా. స్తంభం నిలబెట్టాక సుత్తితో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వింటారు. బరువు మోసే స్తంభం దబ్ దబ్ అంటుంది, అంతే. ఏ బరువూ లేనిది ఖంగుమని మోగుతుంది. ప్రాణం దాచుకున్న స్తంభం మీద ఎవడైనా బరువు పెడతాడా? చెన్నక్క ఒక్కోటీ తట్టుకుంటూ పోయింది. దబ్ దబ్ దబ్. నడిమి స్తంభం దగ్గర చెంప ఆనించి, "వచ్చాను నాన్నా," అని ఏడ్చింది. ఇంకా తట్టింది. తొంభయ్యో స్తంభం ఖంగుమంది.

"ఇదే దొరా!"

ధవళసేనుడు కత్తితో చిలక మెడ నరికాడు. కరాళుడు కుప్పకూలాడు. స్తంభాలైనవాళ్ళు మళ్ళీ మనుషులయ్యారు, చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. అందరూ కేకలేసుకుంటూ బయటికి పరిగెత్తారు. పెద్దోబయ్య మాత్రం కదల్లేదు. పెద్ద దూలం ఆయన భుజాల మీదుంది. అది జారితే కప్పంతా కూలుతుంది.

"ఒక్క తెరచాపకొయ్య తెచ్చి నా పక్కన నిలబెట్టండి బాబూ, బయటపడతాను," అన్నాడు ఆయాసపడుతూ.

"ఇప్పుడే తెస్తాను," అని ధవళసేనుడు ఒడ్డుకెళ్ళాడు.

ఒడ్డున అన్నలు కావలించుకున్నారు, రాజకుమారి సిగ్గుపడింది. "ఒక్క కొయ్యతో పోతే ఎన్నాళ్ళకి చేరతాం? పెళ్ళి ముహూర్తం దాటిపోదూ? రాళ్ళు కొట్టుకునేవాడి కోసం కొయ్య పీకుతావా?" అన్నారు అన్నలు. ధవళసేనుడు కొయ్య మీంచి చెయ్యి తీసేశాడర్రా. పడవెక్కాడు.

మండపం వాకిలిలోంచి చెన్నక్కకి తెరచాపలు కనిపించాయి. రెండూ ఉన్నాయి.

"వస్తున్నారా అమ్మా?" అన్నాడు తండ్రి. ఆయనకి అటు వీపు.

"వస్తున్నారు నాన్నా. కొయ్య మోసుకొస్తున్నారు," అంది. ఆమె కూడా దూలం కింద భుజం పెట్టింది.

ఆయనకి కూతురి గొంతు తెలీదూ? "దాహంగా ఉందే తల్లీ, కాసిని నీళ్ళు తేవూ?" అన్నాడు.

ఆమె వాకిలి దాటింది. దోసిట్లోకి నీళ్ళు తీసుకునేలోపే వెనక మండపం కూలింది.

తాబేలు ఆమెను వీపు మీద ఇంటికి చేర్చింది. అప్పటికి పెళ్ళయింది, రాజకుమారిని విడిపించినవాడని ధవళసేనుడే రాజయ్యాడు. చెన్నక్కని చూసి నీళ్ళు నమిలి, "ఆ రోజు గాలి మాట వినలేదు చెన్నక్కా," అన్నాడు. గాలట! ఆపైన నిస్సిగ్గుగా, "నాకొక విజయమండపం కట్టు, నడుమ స్తంభం మీద నా బొమ్మ చెక్కు," అన్నాడు.

చెన్నక్క మూడేళ్ళు చెక్కింది. రాజు బొమ్మ ఉన్న స్తంభానికీ పైన దూలానికీ మధ్య గడ్డిపరక దూరేంత సందు వదిలింది. కిందనుంచి ఎవరికీ కనబడదు.

మండపం తెరిచిననాడు రాజు బెత్తంతో తన స్తంభాన్ని తట్టాడు. ఖంగుమంది!

"విన్నారా, నా స్తంభం పాడుతోంది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. రాళ్ళు చెక్కేవాళ్ళు మాత్రం తలలు దించుకున్నారు.

"ఏం మంత్రం వేశావు చెన్నక్కా?"

"మంత్రమేం లేదు ప్రభూ. మీరెలాంటివారో అలాగే చెక్కాను," అని సుత్తి కొంగున చుట్టుకుని వెళ్ళిపోయింది.

రాజు, రాణి నూరేళ్ళు హాయిగా ఏలారు. ప్రతి పండక్కీ ఆయన ఆ స్తంభాన్ని తట్టి మురిసిపోయేవాడు. ఇంతేనర్రా కథ. లేవండి, పడుకోండి పొండి.