ముగ్గులో పానశాల

గండిదుర్గం రాజావారికి ఒక ముచ్చట పుట్టింది. తాతలనాటి మండువా భవంతిలో, ప్రాణమిత్రులు నలుగురు కూర్చుని రకరకాల మధువులు కలుపుకుని తాగే చిన్న పానశాల కావాలన్నారు. దివాను రంగరాయణింగారేమో, రాజావారి పానశాల చిన్నగా ఉంటే నామోషీ అన్నారు. మండువా స్తంభాలు పీకించి, ఆ కొసన ఎత్తుగద్దె, ఈ కొసన హోదా ప్రకారం ఆసనాలు వేయమన్నారు.

పని మేస్త్రి గవరయ్యకు అప్పగించారు. ఆ స్తంభాలు అతని తాత నిలబెట్టినవి. కానీ దివానుగారికి ఎదురు చెప్పేదెవరు?

"కట్టేముందు ముగ్గు పోసి, అందులో యజమానిని కూర్చోబెట్టడం మా ఆనవాయితీ," అన్నాడు.

బయటి ఆవరణలో దివానుగారి కొలతలకే ముగ్గు పోశాడు. ఆ కొసన రాజావారు, ఈ కొసన దివానుగారు కూర్చున్నారు.

"ప్రభూ, మిత్రులతో మాట్లాడినట్టే దివానుగారిని ఏదైనా మెల్లగా అడగండి," అన్నాడు రాజావారి పక్కన నిలబడ్డ గవరయ్య.

రాజావారు గొంతు తగ్గించి, "దివానుగారూ, మీ పదవి ఈ గవరయ్యకు ఇచ్చేయమంటారా?" అన్నారు.

దివానుగారికి పెదవులు కదలడం కనిపించిందే గాని మాట వినపడలేదు. వినపడలేదంటే తన కొలతలే తప్పవుతాయి. చటుక్కున లేచి చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ! ఆలస్యమెందుకు?" అన్నారు.

రాజావారు పగలబడి నవ్వారు.

"ఆ పదవి నాకొద్దు ప్రభూ," అన్నాడు గవరయ్య దండం పెట్టి. "ఆ స్తంభాలు ఉండనివ్వండి చాలు. వాటి నడుమ కూర్చుంటే, తమరు ఏం అడిగారో దివానుగారికీ వినపడుతుంది."

స్తంభాలు నిలిచాయి. పానశాల తెరిచిన సాయంత్రం దివానుగారు అందరికంటే ముందొచ్చి, రాజావారి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.