నూకాలు ఒడిలో కూర

కోట ముందు రాజుగారు ముచ్చటపడి గరిక పచ్చిక పెంచించారు. అందులో కలుపు తీసే నూకాలు, పీకిన మొక్కల్లోంచి గంగవాయిలి కూర ఏరి ఒడిలో వేసుకునేది. ఇంటిల్లిపాదికీ ఆ పూట కూర అదే.

కొత్తగా వచ్చిన దివాను అది చూసి మండిపడ్డాడు. "కోటలో మొలిచిన ప్రతి ఆకూ రాజుగారి సొత్తు. ఇది దొంగతనం! రేపట్నించి నువ్వు పన్లోకి రానక్కర్లేదు."

నూకాలు పచ్చికలో కూర్చుని, ఒడిలోని మొక్కలు ఒక్కొక్కటే మళ్లీ నాటసాగింది.

"ఏం చేస్తున్నావే? పక్క దేశపు రాజుగారు ఈ పచ్చిక చూడ్డానికే వస్తున్నారు!"

"కలుపనుకుని పీకేశాను బాబూ. రాజుగారి సొత్తని మీరు చెబితే తెలిసింది. పొద్దుట్నించీ పీకిన కుప్ప అదిగో. అదంతా నాటేసే పోతాను."

ఇంతలో వీధి మలుపులో ఆ రాజుగారి పల్లకీ మోసే బోయీల కేకలు వినిపించాయి. దివానుకు ముచ్చెమటలు పోశాయి.

"కలుపే తల్లీ, అది కలుపే! పీకేసి నువ్వే పట్టుకుపో. రేపూ రా!"

నూకాలు నాటినవన్నీ చకచకా పీకి, కుప్పతో కలిపి గంపకెత్తింది. "బరువుగా ఉంది బాబూ, కాస్త చెయ్యి వేయండి."

పల్లకీ కోట గుమ్మంలోకి వచ్చేసరికి దివాను వంగి, నూకాలు నెత్తికి గంప ఎత్తుతున్నాడు.